స్కేలు నమూనా యుద్ధవిమానాలపై ఆయుధాల అమరిక

స్కేలు నమూనా యుద్ధవిమానాలపై ఆయుధాల అమరిక అనగా, నిజమైన యుద్ధవిమానాన్ని నిర్ణీత నిష్పత్తిలో చిన్నదిగా చేసి తయారుచేసిన నమూనాకు, ఆ విమానం ఒక నిర్దిష్ట కాలంలో, నిర్దిష్టమైన పనిమీద నిజంగా మోసిన బాంబులు, క్షిపణులు, రాకెట్లు, ఇంధన ట్యాంకులు, ఇతర పరికరాలను సరైన స్థానాలలో అమర్చడం. నమూనాల తయారీ అభిరుచిగా గలవారు విమానపు రంగులు, సంఖ్యలు, దళపు చిహ్నాల విషయంలో చూపే శ్రద్ధే ఆయుధాల విషయంలోనూ అవసరమవుతుంది. విమానం కింద వేలాడే వస్తువులను బట్టి అది ఏ దళానిదో, ఏ కాలానిదో, ఏ పనిమీద బయలుదేరిందో చెప్పవచ్చు. తోకపై 1967 నాటి గుర్తులు, రెక్కల కింద 1970ల చివరి నాటి క్షిపణులు ఉన్న నమూనా ఎంత అందంగా ఉన్నా చరిత్రను తప్పుగా చూపుతుంది.

స్కేలు, కొలతలు

విమాన నమూనాలలో 1/72, 1/48, 1/32 అనే నిష్పత్తులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. 1/72 అంటే నిజమైన విమానంలోని ఆరు అడుగులు నమూనాలో ఒక అంగుళం అవుతాయి. 1/48లో నాలుగు అడుగులు ఒక అంగుళం అవుతాయి. బ్రిటన్‌లో 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో విడుదల చేసిన ప్లాస్టిక్ కిట్లు 1/72 నిష్పత్తిలోనే ఉండేవి. తరువాత ఎయిర్‌ఫిక్స్ వంటి సంస్థలు ఈ నిష్పత్తిని మరింత ప్రచారంలోకి తెచ్చాయి.

ఆయుధాలు విమానం కంటే చాలా చిన్నవి కాబట్టి, వాటి కొలతలలో స్వల్పమైన తేడా కూడా కంటికి తెలుస్తుంది. అమెరికా తయారీ మార్క్ 82 బాంబు సుమారు 227 కిలోల తరగతికి చెందినది. దాని పొడవు సుమారు 2.22 మీటర్లు, వ్యాసం 273 మిల్లీమీటర్లు. సుమారు 900 కిలోల తరగతికి చెందిన మార్క్ 84 బాంబు పొడవు 3.28 మీటర్లు, వ్యాసం 457 మిల్లీమీటర్లు. సైడ్‌వైండర్ క్షిపణి వ్యాసం 127 మిల్లీమీటర్లు. నమూనాలలో ఇవి ఇలా ఉండాలి:

* మార్క్ 82: 1/72లో పొడవు 31 మి.మీ., వ్యాసం 3.8 మి.మీ.; 1/48లో పొడవు 46 మి.మీ., వ్యాసం 5.7 మి.మీ.
* మార్క్ 84: 1/72లో పొడవు 46 మి.మీ., వ్యాసం 6.3 మి.మీ.; 1/48లో పొడవు 68 మి.మీ., వ్యాసం 9.5 మి.మీ.
* సైడ్‌వైండర్: 1/72లో వ్యాసం 1.8 మి.మీ.; 1/48లో వ్యాసం 2.6 మి.మీ.

కిట్‌లోని బాంబు ఏ రకానికి చెందినదో తెలియనప్పుడు దానిని కొలిచి, నిష్పత్తితో గుణించి చూస్తే అసలు ఆయుధం ఏదో చాలావరకు తేలిపోతుంది.

ఆయుధాల ఎంపికను నిర్ణయించే అంశాలు

యుద్ధవిమానం తనకున్న అన్ని స్థానాలను ఒకేసారి ఆయుధాలతో నింపుకొని బయలుదేరడం అరుదు. తయారీ సంస్థలు ప్రకటించే గరిష్ఠ భారం ఆ విమానపు శక్తికి హద్దు మాత్రమే. బాంబుల బరువు పెరిగిన కొద్దీ ఇంధనానికి అవకాశం తగ్గుతుంది. గాలి నిరోధం పెరిగి, వేగమూ ప్రయాణించే దూరమూ తగ్గుతాయి. అందువలన దూరపు లక్ష్యానికి వెళ్ళే విమానం కొన్ని స్థానాలను ఇంధన ట్యాంకులకు కేటాయించవలసి వస్తుంది. విమానవాహక నౌకపై దిగే విమానానికి దిగేటప్పటి బరువుపై కూడా పరిమితి ఉంటుంది.

ఇంతేకాక, ప్రతి స్థానమూ ప్రతి ఆయుధాన్నీ మోయలేదు. క్షిపణికి తగిన విద్యుత్ తీగలు, ప్రయోగపు పట్టాలు ఆ స్థానంలో ఉండాలి. ఒకచోట ఒక వస్తువును అమర్చితే పక్కనున్న చోటు వాడుకకు రాకపోవచ్చు. కాబట్టి ఆయుధాల అమరిక అంటే, ఆ రోజు ఆ పనికి ఏది అవసరమో, దేనిని వదులుకోవాలో తీసుకున్న ఒక నిర్ణయం. నమూనా ఆ నిర్ణయాన్ని చూపగలగాలి.

ఉదాహరణ: వియత్నాం యుద్ధంలో ఎఫ్-4 ఫాంటం

ఈ అంశాన్ని అర్థం చేసుకొనుటకు అమెరికా ఎఫ్-4 ఫాంటం విమానం మంచి ఉదాహరణ. దీనికి తొమ్మిది ఆయుధ స్థానాలు ఉన్నాయి. వాటిలో నాలుగు, పొట్ట కింద సగం లోపలికి అమరేలా స్పారో క్షిపణుల కోసం చేసిన పల్లాలు. మిగిలిన ఐదింటిలో నాలుగు రెక్కల కింద, ఒకటి పొట్ట కింద మధ్యలో ఉంటాయి. సాధారణంగా రెక్కల బయటి స్థానాలలో ఒక్కొక్కటి 370 గ్యాలన్ల ఇంధన ట్యాంకులను, మధ్య స్థానంలో 600 గ్యాలన్ల ట్యాంకును మోసేవారు. ఈ మూడు ట్యాంకులు ఉన్నప్పుడు బాంబులకు రెక్కల లోపలి స్థానాలు రెండే మిగులుతాయి. మధ్యలో ట్యాంకు బదులు ఆరు బాంబుల ర్యాక్‌ను అమర్చితే అంతమేరకు ఇంధనం తగ్గుతుంది.

వైమానిక దళపు ఎఫ్-4సి, ఎఫ్-4డి రకాలకు, నౌకాదళపు ఎఫ్-4బి, ఎఫ్-4జె రకాలకు విమానంలో అంతర్భాగమైన ఫిరంగి లేదు. 1967 మే నెలలో ద నాంగ్ స్థావరపు ఎఫ్-4సి విమానాలు మధ్య స్థానంలో ఎస్‌యుయు-16 అనే 20 మి.మీ. ఫిరంగి పాడ్‌ను అమర్చుకొని మిగ్ విమానాలను కూల్చాయి. ఆ పాడ్ ఉన్న విమానానికి మధ్యలో ఇంధన ట్యాంకు ఉండదు. తరువాత వచ్చిన ఎఫ్-4ఇ రకానికి ముక్కు కింద ఫిరంగి ఉంటుంది.

క్షిపణుల విషయంలో దళమూ కాలమూ రెండూ చూడాలి. వియత్నాంలో వైమానిక దళం సైడ్‌వైండర్ క్షిపణిలో బి, ఇ, జె రకాలను, నౌకాదళం బి, డి, జి, హెచ్ రకాలను వాడాయి. వీటి ముక్కు ఆకారం, ముందు రెక్కల ఆకారం ఒకేలా ఉండవు. 1967లో థాయ్‌లాండ్‌లోని ఉబోన్ స్థావరానికి చేరిన ఎఫ్-4డి విమానాలు మొదట సైడ్‌వైండర్ బదులు ఫాల్కన్ క్షిపణులను మోశాయి. ఫాల్కన్ పనితీరు నిరాశ కలిగించడంతో విమానాలలో మార్పులు చేసి తిరిగి సైడ్‌వైండర్లను అమర్చారు. ఎయిమ్-9ఎల్ రకం వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత మాత్రమే దళాలకు అందింది. కాబట్టి ఆ యుద్ధపు ఫాంటంపై దానికి చోటు లేదు.

లోపలి పైలాన్ల ఆకారంలో కూడా తేడా ఉంది. వైమానిక దళపు పైలాన్ ముందు అంచు వంపు తిరిగి ఉంటుంది. నౌకాదళపు పైలాన్ అంచులు తిన్నగా, కోణాలతో ఉంటాయి. సరైన క్షిపణిని తప్పు పైలాన్‌కు తగిలిస్తే నమూనా మళ్ళీ తప్పే అవుతుంది.

వైమానిక దళపు ఫాంటం విమానాలు తరచుగా ముందరి ఎడమ స్పారో పల్లంలో క్షిపణి బదులు, శత్రు రాడార్లను గందరగోళపరచే జామింగ్ పాడ్‌ను మోసేవి. అటువంటి విమానానికి స్పారోలు మూడే ఉంటాయి. రెండు వైపులా సమానంగా ఉండాలనే భావనతో నాలుగింటినీ అమర్చితే ఈ వివరం పోతుంది.

1972లో ఉత్తర వియత్నాంపై లేసరు బాంబులను విస్తృతంగా ఉపయోగించారు. 1965 నుండి పలుమార్లు దాడులు చేసినా నిలిచి ఉన్న థాన్ హోవా వంతెనను 1972 మే 13న ఈ బాంబులతో దెబ్బతీశారు. ఈ దాడులలో లేసరు కిరణాన్ని లక్ష్యంపై ప్రసరింపజేసే పేవ్ నైఫ్ పాడ్లు చాలా కొద్ది విమానాలకే ఉండేవి. మిగిలిన విమానాలు ఆ కిరణాన్ని ఆధారం చేసుకొని బాంబులను వేసేవి. అందువలన బాంబులున్న ప్రతి ఫాంటంకూ ఈ పాడ్ అమర్చడం సరికాదు. నాటి బాంబులు పేవ్‌వే మొదటి తరానివి. వాటి వెనుక రెక్కలు కదలకుండా బిగించి ఉంటాయి. విమానం నుండి విడిపోయాక విచ్చుకొనే రెక్కలు తరువాత వచ్చిన రెండవ తరానివి.

భారత వైమానిక దళ విమానాలు

భారతీయ విమానాల నమూనాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. 1971 యుద్ధంలో పాల్గొన్న మిగ్-21ఎఫ్‌ఎల్ విమానానికి ఒక్కొక్క రెక్క కింద ఒకటి చొప్పున రెండు స్థానాలు, పొట్ట కింద ఒక స్థానం మాత్రమే ఉండేవి. దీనికి కూడా లోపల ఫిరంగి లేదు. పొట్ట కింద జిపి-9 అనే ఫిరంగి తొట్టెను అమర్చితే అక్కడ ఇంధన ట్యాంకుకు చోటు లేదు. రెక్కల కింద బాంబులు ఉంటే క్షిపణులు ఉండవు. 1971 డిసెంబరు 12న కచ్ సింధుశాఖపై పాకిస్తాన్ ఎఫ్-104 విమానాన్ని మిగ్-21 ఫిరంగితో కూల్చింది. డిసెంబరు 14న ఢాకాలోని గవర్నరు నివాసంపై దాడిచేసిన మిగ్-21లు 57 మి.మీ. రాకెట్లను ప్రయోగించాయి. ఢాకా సమీపంలోని తేజ్‌గావ్ రన్‌వేపై దాడులలో 500 కిలోల బాంబులను వాడారు. ఒకే రకపు విమానం, ఒకే నెల. అయినా మూడు నమూనాలకు మూడు వేర్వేరు అమరికలు కావాలి.

1999 కార్గిల్ యుద్ధంలో మిరాజ్ 2000 విమానాలు జూన్ 17న ముంథో ఢాలో శిబిరంపై మార్గనిర్దేశం లేని సాధారణ బాంబులను వేశాయి. జూన్ 24న టైగర్ హిల్‌పై లైటెనింగ్ పాడ్ సహాయంతో లేసరు బాంబులను ప్రయోగించాయి. వారం తేడాతో జరిగిన ఈ రెండు దాడులకు వేర్వేరు ఆయుధాలు అమర్చాలి.

సుఖోయ్-30ఎంకెఐ విమానం 2002లో దళంలో చేరింది. హైదరాబాదులోని డిఆర్‌డిఎల్ ముఖ్యపాత్ర వహించి రూపొందించిన అస్త్ర క్షిపణిని ఈ విమానం నుండి తొలిసారి 2014 మే నెలలో ప్రయోగించారు. దీని ఉత్పత్తికై హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ లిమిటెడ్‌తో 2022 మే 31న రక్షణశాఖ ఒప్పందం కుదుర్చుకొంది. కాబట్టి 2000ల నాటి రంగులు, గుర్తులు గల సుఖోయ్ నమూనాపై అస్త్ర ఉండరాదు. సుమారు 2.5 టన్నుల బరువున్న బ్రహ్మోస్ క్షిపణిని ఈ విమానం నుండి తొలిసారి 2017 నవంబరు 22న ప్రయోగించారు. దానిని పొట్ట కింద మధ్యలో ఒక్కదానినే, ప్రత్యేకంగా మార్పులు చేసిన విమానాలు మాత్రమే మోస్తాయి.

రంగులు, గుర్తులు, చిన్న వివరాలు

అమెరికా పద్ధతిలో పసుపు పట్టీ పేలుడు పదార్థాన్ని, గోధుమరంగు పట్టీ రాకెట్ ఇంధనాన్ని, నీలం రంగు శిక్షణ కోసం వాడే ఆయుధాన్ని సూచిస్తాయి. యుద్ధ విమానానికి నీలిరంగు క్షిపణిని అమర్చితే అది శిక్షణకు బయలుదేరినట్లు అర్థం. అమెరికా నౌకలు ఫారెస్టల్ (1967), ఎంటర్‌ప్రైజ్ (1969) లపై జరిగిన ఘోర అగ్నిప్రమాదాల తరువాత, మంటల వేడికి త్వరగా పేలకుండా నౌకాదళపు బాంబులకు ఒక పూత వేయడం మొదలైంది. దీనివలన వాటి ఉపరితలం గరుకుగా ఉంటుంది. వైమానిక దళపు బాంబులు నున్నగా ఉంటాయి.

బాంబును ర్యాక్‌కు పట్టి ఉంచే ఉంగరాలు ర్యాక్ వైపే ఉండాలి. ర్యాక్ పక్కలకు తగిలించే బాంబులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి వాటి తోక రెక్కలు కూడా ఆ మేరకు తిరిగి ఉంటాయి. నేలపై నిలిచిన విమానపు ఆయుధాలకు భద్రతా పిన్నులు, వాటికి వేలాడే ఎర్రని పట్టీలు ఉంటాయి. గాలిలో ఎగురుతున్నట్లు చూపే నమూనాపై అవి ఉండవు. దాడి ముగించి తిరిగివస్తున్న విమానమైతే ఖాళీ ర్యాక్‌లతో చూపడం కూడా సరైన అమరికే.

ఆధారాల పరిశీలన

అమరికను నిర్ణయించుటకు అత్యుత్తమ ఆధారం, తేదీ తెలిసిన, అదే విమానపు ఛాయాచిత్రం. అది దొరకనిచో అదే దళానికి, అదే కాలానికి చెందిన ఇతర విమానాల చిత్రాలను, పైలట్ల కథనాలను, దళాల చరిత్రలను పరిశీలిస్తారు. కొన్ని చిత్రాలను జాగ్రత్తగా చూడవలసి ఉంటుంది. ఆయుధ ప్రదర్శనలలో విమానం ముందు నేలపై పేర్చిన ఆయుధాలన్నీ ఒకేసారి మోసేవి కావు. పరీక్షా విమానాలపై కనిపించే కొన్ని ఆయుధాలు దళాలకు ఎన్నడూ చేరకపోవచ్చు. ప్రదర్శనశాలలలోని విమానాలకు అందుబాటులో ఉన్న డొల్ల ఆయుధాలను తగిలిస్తారు. అవి ఆ విమానం వాడినవే అయి ఉండనవసరం లేదు.

కిట్లలో ఆయుధాలు

ఆయుధాల విషయంలో కిట్లు అన్నీ ఒకేలా ఉండవు. జపానుకు చెందిన హసెగావా సంస్థ తన జెట్ విమానాల కిట్లలో చాలావాటిని ఇంధన ట్యాంకులతో మాత్రమే ఇచ్చి, ఆయుధాలను వేరు సెట్లుగా అమ్మింది. చెక్ దేశపు ఎడ్వర్డ్ వంటి సంస్థలు రెసిన్‌తో చేసిన సూక్ష్మమైన ఆయుధాలను విడిగా అమ్ముతాయి. కొన్ని కిట్లలో ఒకే అచ్చు వివిధ కాలాల విమానాలకు ఉపయోగపడేలా ఎన్నో ఆయుధాలు ఉంటాయి. పెట్టెలో ఉన్నంత మాత్రాన వాటన్నింటినీ ఆ విమానం మోసిందని భావించరాదు. మిగిలిపోయిన వాటిని దాచి, తగిన కాలపు మరో నమూనాకు వాడుకుంటారు.

తరచుగా కనిపించే పొరపాట్లు

* అన్ని ఆయుధ స్థానాలనూ నింపడం.
* విమానపు గుర్తుల కాలం కంటే తరువాత వచ్చిన ఆయుధాలను అమర్చడం.
* ఒక దళపు ఆయుధాన్ని మరో దళపు విమానానికి తగిలించడం.
* నిజానికి రెండు వైపులా వేరుగా ఉన్న అమరికను సమానంగా చూపడం.
* శిక్షణ ఆయుధాలను, యుద్ధపు ఆయుధాలను కలిపి అమర్చడం.
* ఎగురుతున్న విమానానికి ఎర్రని భద్రతా పట్టీలను ఉంచడం.

వీటిలో చాలావాటిని ఒకే పద్ధతిలో నివారించవచ్చు. రంగు వేయడం మొదలుపెట్టక ముందే విమానపు సంఖ్య, దళం, స్థావరం, తేదీ, చేసిన పని అనే ఐదు వివరాలను నిర్ణయించుకొని, వాటికి సరిపోయే ఆయుధాలను మాత్రమే ఎంచుకోవాలి.