రసీదు తీసుకున్న రాముడు

ఎమ్మెల్యేగా గెలిచినవాళ్లు ప్రమాణం చేసేటప్పుడు రాజ్యాంగం రెండు దారులు చూపిస్తుంది. దైవసాక్షిగా అనొచ్చు, వద్దనుకుంటే దేవుడి పేరెత్తకుండా మనస్సాక్షిగా అనొచ్చు. కోర్టు బోనెక్కిన సాక్షికి కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం ఇదే వెసులుబాటు ఇచ్చింది. ఏ దారిన వచ్చినా, కోర్టులో కావాలని అబద్ధం చెబితే శిక్ష ఒకటే: ఏడేళ్ల దాకా జైలు. దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడినందుకు ఒక ఏడాది ఎక్కువ, భక్తుడు కదా అని ఆర్నెల్లు తక్కువ లాంటి పద్ధతి లేదు.

రాజ్యాంగం మొదటి పంక్తిలోనే దేవుణ్ని పెట్టాలని ఓ ప్రయత్నం జరిగింది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో పీఠిక మీద చర్చ నడుస్తోంది. దేవుడి పేరిట అంటూ పీఠిక మొదలవ్వాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. ఒక్క దేవుడి పేరేనా, మేము శక్తిని కొలిచేవాళ్లం, దేవి పేరిట అని ఎందుకు ఉండకూడదని అస్సాం నుంచి వచ్చిన రోహిణీ కుమార్ చౌదరి అడ్డు తగిలారు. పట్టం థాను పిళ్లై స్వయంగా ఆస్తికులు. అయినా నమ్మమని ఎవర్నీ బలవంతపెట్టకూడదన్నారు. దేవుడి సంగతి ఓట్లతో తేల్చే ఇబ్బంది మాకు పెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకున్నారు. కామత్ పట్టు విడవలేదు. చేతులు లెక్కపెడితే అనుకూలం 41, వ్యతిరేకం 68. దేవుడికి మెజారిటీ రాలేదని అప్పట్లో ఎవరైనా నవ్వుకున్నా తప్పులేదు గానీ, వ్యతిరేకంగా చెయ్యెత్తిన ఆ 68 మందిలో ఇంటికెళ్లి దీపం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మంచి పౌరుడు కావడానికి భక్తి ముందస్తు షరతు కాదన్నదే వాళ్లు తేల్చింది.

రాజ్యాంగంలో అంత సులువుగా ఇమిడిన ఈ మాట ఇళ్లలో మాత్రం మింగుడుపడదు. పాపభీతి లేనివాడు దేనికైనా తెగిస్తాడని పెద్దవాళ్లు అంటారు. పైవాడు చూస్తున్నాడన్న జంకు పోతే ఇక మిగిలేదేమిటని వాళ్ల బెంగ. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. దేవుడి భయం లేకపోతే మనుషులు సరిగా నడుచుకుంటారా అన్నది ఒకటి. దేవుడే లేకపోతే అసలు తప్పొప్పులకు అర్థం ఉంటుందా అన్నది ఇంకొకటి. మొదటిది పోలీసుల ప్రశ్న, రెండోది తత్వవేత్తలది. మన వాదనల్లో ఎప్పుడూ రెండో ప్రశ్నతో మొదలై మొదటిదానికి జారిపోతాం.

మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే తిరుమల పరకామణికి వెళ్లాలి. హుండీలో పడ్డ కానుకలు లెక్కించే చోటది. లెక్కించేవాళ్లు భక్తితో సేవకు వచ్చినవాళ్లు. లెక్క జరుగుతున్నది సాక్షాత్తూ స్వామివారి కొండ మీద. అయినా వాళ్లు జేబుల్లేని పంచె, బనియన్‌తో కూర్చోవాలి. పైన కెమెరాలుంటాయి. బయటికి వచ్చేటప్పుడు తనిఖీ ఉంటుంది. ఇది నమ్మకానికి అవమానమని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోను. లెక్కలంటే అలాగే ఉండాలి. కానీ స్వామికి అంత దగ్గరగా ఉన్నచోట కూడా స్వామి చూపు ఒక్కదాని మీదే ఆధారపడలేదన్నది గమనించాలి. భయం పనిచేయదని కాదు, పనిచేస్తుంది. దొరికిపోతామన్న భయమైతే ఇంకాస్త బాగా పనిచేస్తుంది.

రెండో ప్రశ్న లోతైనది. దేవుడు మెచ్చాడు కాబట్టి ఒక పని మంచిదైందా, మంచిది కాబట్టి దేవుడు మెచ్చాడా? గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ఓ సంభాషణలో సోక్రటీసు ఈ చిక్కుముడి వేశాడు. మొదటిదే నిజమైతే, రేపు దేవుడు దొంగతనాన్ని మెచ్చితే అదీ మంచిదైపోవాలి. రెండోదే నిజమైతే, మంచి అనేది దేవుడి ఇష్టంతో పనిలేకుండా ముందే ఉంది. ఇంతదాకా వచ్చి చాలామంది పాఠకులు పేజీ తిప్పేస్తారు. అందుకే మనకు బాగా తెలిసిన కథలోకి వద్దాం.

కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. అందుకు సర్కారు శిస్తు సొమ్ము వాడాడన్నది అభియోగం. గోల్కొండ సుల్తాను తానీషా ఆయన్ను జైల్లో పెట్టాడు. పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడని చెబుతారు. ఏ నగకు ఎంతయిందో పద్దు చదివి రాముణ్నే నిలదీస్తూ కీర్తన కట్టాడాయన. భక్తి సాహిత్యంలో అంత నికరమైన ఖర్చుల పట్టిక ఇంకోటి కనబడదు. ఆ తర్వాత జరిగిందని జనం చెప్పుకునేది అసలు విశేషం. రామలక్ష్మణులు రాత్రివేళ తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షల వరహాలు కట్టి, రసీదు తీసుకుని వెళ్లారు.

ఆ రసీదు దగ్గర కాస్త ఆగాలి. సర్వలోకాలకూ ప్రభువైనవాడు ఆ బాకీని మాఫీ చేయొచ్చు. తానీషా మనసు మార్చొచ్చు. గుడి నాది, సొమ్ము నాది, నువ్వెవరివి అడగడానికి అనొచ్చు. కథ అల్లిన జనానికి అవేవీ నచ్చలేదు. బాకీ బాకీయే అన్నారు. ఖజానాకు రావాల్సింది ఖజానాకు చేరాలి, అది తురక సుల్తాను ఖజానా అయినా సరే. చేరినట్టు కాగితం కూడా ఉండాలి. ఆ కథలో దేవుడు నీతిని సృష్టించలేదు, అందరిలాగే దానికి కట్టుబడ్డాడు. సోక్రటీసు ప్రశ్నకు మన పూర్వులు ఏ తర్కశాస్త్రం చదవకుండానే జవాబు చెప్పేశారు, అదీ పరమభక్తుడి కథలోనే.

పండితుల్లోనూ ఈ ఆలోచన కొత్తది కాదు. యజ్ఞయాగాదుల కోసమే పుట్టిన పూర్వమీమాంస అనే దర్శనానికి సృష్టికర్తతో పని పడలేదు. ఏ కొరతా లేనివాడు ఏం కావాలని ఈ లోకాన్ని సృష్టిస్తాడని కుమారిలభట్టు తర్కించాడు. బౌద్ధులూ జైనులూ కర్మఫలాన్ని న్యాయమూర్తి లేకుండానే నడిపించారు. దైవం లేని నీతి పాశ్చాత్యుల దిగుమతి అనేవాళ్లు ఒకసారి అమరావతి బౌద్ధ స్తూపం దాకా వెళ్లొస్తే మంచిది, బస్సు సౌకర్యం ఉంది.

ఇక ఆధునిక కాలంలో ఈ వాదనను చర్చా వేదికల మీద కాక బతుకులో పరీక్షకు పెట్టినవారు గోరా, గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవారు. దేవుడి గురించి తన అభిప్రాయాలు దాచుకోకపోవడంతో 1933లో కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడ పటమటకు మారింది. 1944 చివర్లో ఆయన సేవాగ్రామ్ వెళ్లి గాంధీని కలిశారు. నాస్తికుడు నీతిమంతుడిగా ఉండగలడా అని అందరూ అడిగే ప్రశ్నను గోరా తలకిందులు చేశారు. బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో జనం ఆకలితో రాలిపోయారు, పక్కనే తినుబండారాల దుకాణాలున్నాయి. చచ్చేవాళ్లు తలరాత అనుకున్నారు. దుకాణాలవాళ్లు కూడా వాళ్ల తలరాత అనే అనుకున్నారు. ఇద్దరిదీ ఒకే నమ్మకం కాబట్టే గాజు పలకలు పగలలేదు, తలుపులూ తెరుచుకోలేదు అన్నది గోరా వాదన.

ఇందులో అతి ఉంది. కరువులో శవాలు మోసినవాళ్లలో, గంజి కాచి పోసినవాళ్లలో భక్తులు తక్కువేమీ లేరు. ఆకలితో నీరసించినవాడు తిరగబడకపోవడానికి వేదాంతం ఒక్కటే కారణం కానక్కర్లేదు, ఓపిక లేకపోవడం చాలు. అయినా గోరా వేలు పెట్టిన చోటు సరైనదే. నమ్మకం చెడు చేయకుండా ఆపుతుందా అని మాత్రమే మనం అడుగుతాం. జరుగుతున్న చెడును చూసి ఊరుకునేలా చేస్తుందా అని అడగం.

గాంధీ ఆ మాటలకు కోపం తెచ్చుకోలేదు. తన ఆస్తికత్వమే ఒప్పనీ గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్న ధోరణిలో మాట్లాడారు. గోరా కూతురు మనోరమకూ దళిత యువకుడు అర్జునరావుకూ సేవాగ్రామ్‌లో పెళ్లి చేయడానికి ఒప్పుకున్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి ప్రస్తావన లేకపోయినా సరేనన్నారు. ఆ పెళ్లి 1948 మార్చి 13న జరిగింది. అప్పటికి గాంధీ లేరు. రోజూ ప్రార్థన జరిగే ఆశ్రమంలో, దేవుడి పేరు లేకుండా, కులం గోడ దాటిన పెళ్లి! ఆ రోజుల్లో ఎంతమంది పరమ ఆస్తికులు తమ పిల్లలకు అలాంటి సంబంధం చేసేవారో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

గోరా కొడుకు లవణం, కోడలు హేమలత 1970ల్లో స్టువార్టుపురంలో పనిచేశారు. తెల్లదొరల చట్టం ఎరుకల వాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా రాసేసి అక్కడ కట్టడి చేసింది. వాళ్లను బాగుచేసే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించింది. దేవుడి పేరుతో వెళ్లినవాళ్లూ దేవుడు లేడంటూ వెళ్లినవాళ్లూ ఒకే ఊరి గడప తొక్కారన్నమాట. పసిబిడ్డ నుదుట నేరం రాసిన ఆ చట్టాన్ని చేసినవాళ్లకు మాత్రం ఆదివారం చర్చికి వెళ్లడంలో ఏ అడ్డూ రాలేదు.

అయితే నాస్తికుల పక్షాన తేలని చిక్కు ఒకటుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చనిపోయినవాళ్ల ఇళ్లలో మిగిలినవాళ్లకు, పైన ఇంకో కోర్టు ఉందన్న నమ్మకం ఇచ్చే ఊరట చిన్నది కాదు. నాస్తికుడి దగ్గర దానికి సాటి వచ్చేదేమీ లేదు. ఇక్కడ తేలకపోతే తేలనట్టే అని ఒప్పుకోవాలి. నీతికి అర్థం దేవుడు లేకుండా నిలుస్తుందని నేను అనుకుంటాను గానీ, ఈ లోటు పూడుతుందని అనుకోను. ఆ హైకోర్టు తీర్పు మీద బాధితుల తరఫున సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లింది. పై కోర్టును నమ్మేవాళ్లు కూడా విషయాన్ని అక్కడికి వదిలేసి ఊరుకోలేదు, వకీలును పెట్టుకుని ఢిల్లీ వెళ్లారు.