పల్లెలో మిస్టరీ షాపర్ పని – గిట్టుబాటు ఎంత?

చదువుకొని ఇంటిపట్టున ఉన్న యువకులకు "మిస్టరీ షాపర్" పని ఇచ్చెదమని ఫోనులో సందేశములు వచ్చుచున్నవి. ఈ పని నిజముగా కలదు. దాని పేరు చెప్పి జరుగు మోసమును కలదు. కనుక రైతు సోదరులు ఈ రెంటి తేడా తెలిసికొనుట అవసరము.

పని ఎట్టిది?

తమ దుకాణములు, పెట్రోలు బంకులు ఎట్లు నడచుచున్నవో తెలిసికొనుటకు కంపెనీలు మామూలు కొనుగోలుదారు వలె ఒకరిని పంపును. అతడు తానెవరో చెప్పక సరకు కొని, కొలత సరిగా ఉన్నదా, రసీదు ఇచ్చిరా, మర్యాదగా మాట్లాడిరా అను సంగతులు గమనించి, ప్రశ్నల పత్రము నింపి పంపవలెను. మంచి జ్ఞాపకము, నిజాయితీ ఇందుకు ముఖ్యము. చూడనిది వ్రాయరాదు.

లెక్క వేసి చూడుడు

ఇది నెలజీతపు ఉద్యోగము కాదు. చేసిన పనికి మాత్రమే డబ్బు. ఒక తనిఖీకి 300 రూపాయలు ఇత్తురనుకొందము. బంకు మీ ఊరికి 40 కిలోమీటర్లు. రానుపోను 80 కిలోమీటర్లు. మోటారు సైకిలు లీటరుకు 50 కిలోమీటర్లు నడచినచో 1.6 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు 110 రూపాయల చొప్పున 176 రూపాయలు ఖర్చు. మిగులునది 124 రూపాయలే. పూట పని పోవుట వేరే.

దగ్గర ఊరిలో చేయుదమన్న మరియొక చిక్కు కలదు. అచ్చటి దుకాణదారు మిమ్ము చూడగనే వరుస పెట్టి పలుకరించును. ఇక రహస్యమెక్కడిది? పైగా ఒకే మనిషిని ఒకే దుకాణమునకు మాటిమాటికి పంపరు.

కావున దీనినే నమ్ముకొని సేద్యము, పాడి విడువరాదు. మార్కెట్టు యార్డుకు సరకు తీసికొని పోవు దినముననే, ఆ దారిలోనే రెండు మూడు తనిఖీలు దొరికినచో చేయవచ్చును. అప్పుడు దారిఖర్చు మీద పడదు.

మోసమును గుర్తించుట

1. పని ఇచ్చుటకు రిజిస్ట్రేషన్ రుసుము గాని, డిపాజిటు గాని అడిగినచో అది మోసమని తలచి విడిచిపెట్టుడు.

2. మొదట కొద్ది సొమ్ము మీ ఖాతాలో వేసి, తరువాత పెద్ద మొత్తము కట్టుమందురు. అది ఎర. కట్టకుడు.

3. ఓటీపీ, బ్యాంకు పిన్ ఎవ్వరికిని చెప్పరాదు.

4. సరకు మీ డబ్బుతో కొనవలసి వచ్చినచో, ఆ సొమ్ము ఎప్పుడు తిరిగి ఇత్తురో ముందే వ్రాతమూలముగా తీసికొనుడు. రసీదు భద్రపరచుడు.

సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచకుడు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నిలుపు చేయుటకు అంత వీలు. గ్రామాధికారులు ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట మేలు.

ఎద్దును పళ్లు చూడక కొనము గదా! పనిని కూడ అట్లే చూచి పట్టుడు.