అంకె ఒకటే, తలలు వేరు

మలక్‌పేట మెట్రో స్టేషన్‌కు కాస్త అవతల ఉన్న ఒక దుకాణంలో మా మేనల్లుడు హెల్మెట్ పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. లోపల స్టిక్కర్ మీద 580 మి.మీ. అని ఉంది. రెండు నిమిషాలకే మొహం చిట్లించి, "మామా, నొసలు గుంజుతున్నది" అన్నాడు. "వాడంగ వాడంగ సెట్ అయితది అన్నా" అని కౌంటర్ దగ్గరి కుర్రాడి భరోసా. తీసి చూస్తే నుదుటి నడుమ రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ. నా తలా 58 సెంటీమీటర్లే. అదే నేను పెట్టుకుంటే నుదురు హాయిగానే ఉంది గానీ, కణతలు పట్టకారులో ఇరుక్కున్నట్టయింది.

టేపు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. కనుబొమలకు వేలెడు పైనుంచి, తల వెనక ఉబ్బెత్తు చోటు మీదుగా తిప్పితే వచ్చేది చుట్టుకొలత మాత్రమే. ప్లాస్టిక్ గాజును రెండు వేళ్లతో నొక్కండి: కోడిగుడ్డులా సాగుతుంది, చుట్టుకొలత మాత్రం మారదు. తలా అంతే. 20.5 సెం.మీ. పొడవు, 16.3 వెడల్పు ఉన్న కోల తలకైనా, 19 పొడవు, 17.9 వెడల్పు ఉన్న గుండ్రటి తలకైనా టేపు 58 దగ్గరే ఆగుతుంది. తేడా మాత్రం అటూ ఇటూ ఒకటిన్నర సెంటీమీటరు!

తల కోలదో గుండ్రటిదో తేల్చడానికి వెడల్పును పొడవుతో భాగించే లెక్క ఒకటుంది. అది 1840లలో స్వీడన్ శరీర శాస్త్రవేత్త ఆండర్స్ రెట్జియస్ పెట్టింది. తర్వాతి వాళ్లు దాన్ని మనుషుల్లో ఎక్కువ తక్కువలు తేల్చడానికి వాడి భ్రష్టు పట్టించారు. హెల్మెట్ కొట్లో అది పనికొస్తుందని వాళ్లకు తోచి ఉండదు.

కుర్రాడి మాటలోనూ సగం నిజముంది. చెంపలకు ఆనే మెత్తటి స్పాంజి నెల రోజుల్లో అణుగుతుంది. దాని వెనక థర్మాకోల్ అణగదు, అణగకూడదు కూడా. అది నలిగేది ఒక్కసారే, దెబ్బ తగిలినప్పుడు. ఒకటిన్నర మీటర్ల ఎత్తునుంచి పడిన తల 3 మి.మీ.లో ఆగిపోతే దానిమీద సగటున గురుత్వానికి సుమారు 500 రెట్ల తాకిడి. థర్మాకోల్ 25 మి.మీ. నలుగుతూ ఆపితే అది 60 రెట్లే.

నొప్పి భరించలేక చాలామంది ఒక సైజు పెద్దది కొంటారు. కోల తలకు అప్పుడు పక్కల ఖాళీ ఇంకా పెరుగుతుంది. పడినప్పుడు హెల్మెట్ తిరిగిపోవచ్చు, ఊడిపోనూవచ్చు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది, మంచిదే. కానీ ఆ పరీక్షలో హెల్మెట్‌ను తొడిగేది లోహపు తలకు, మీ తలకు కాదు.

కాబట్టి కొట్లోనే పావుగంట పెట్టుకుని ఉండాలి. లోపల దస్తీ కట్టే అలవాటుంటే కట్టుకునే చూడాలి. పట్టీ బిగించి, వెనక అంచు పట్టి ముందుకు నెట్టితే ఊడి రాకూడదు. అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం కూడా దాంతోపాటు కదలాలి.

మేనల్లుడికి మూడో మోడల్ సరిపోయింది, అదే 580లో. పావుగంటయ్యాక తీస్తే మచ్చ లేదు. నా గుండ్రటి తలకు మాత్రం ఆ కొట్లో ఏదీ కుదరలేదు.