అన్ని పేజీలకూ ఒకే కాపలాదారు

వెబ్‌సైట్‌లో వందల పేజీలున్నా డేటాబేస్ కనెక్షన్, లాగిన్ తనిఖీ వంటి పనులు దాదాపు ప్రతి పేజీకీ కావలసినవే. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీలో ఇలాంటి ఉమ్మడి కోడ్‌ను ఒక ఫైల్‌లో ఉంచి, ప్రతి స్క్రిప్టు మొదట్లో 'రిక్వైర్' ఆదేశంతో పిలుస్తారు. కొత్త పేజీలో ఆ ఒక్క వరుస మరిచిపోతే చాలు, తనిఖీ లేకుండానే ఆ పేజీ అందరికీ తెరుచుకుంటుంది.

దీనికి విరుగుడు 'ఆటో_ప్రిపెండ్_ఫైల్' అనే సెట్టింగు. పీహెచ్‌పీ.ఐఎన్‌ఐలో దీని ఎదుట ఉమ్మడి ఫైల్ ఉన్న చోటు రాస్తే, ప్రతి స్క్రిప్టు కన్నా ముందు పీహెచ్‌పీ దాన్నే నడుపుతుంది. ఒక్క ఫోల్డరుకే పరిమితం చేయాలంటే, పీహెచ్‌పీ ఫాస్ట్‌సీజీఐ పద్ధతిలో నడిచేచోట ఆ ఫోల్డరులోని .యూజర్.ఐఎన్‌ఐలో రాయాలి. ఈ ఫైల్‌ను పీహెచ్‌పీ మామూలుగా 300 సెకన్లకోసారి తిరిగి చదువుతుంది కనుక మార్పు వెంటనే కనిపించకపోవచ్చు. స్క్రిప్టు లోపలి నుంచి ఈ సెట్టింగును మార్చలేం. అప్పటికే ఉమ్మడి ఫైల్ నడిచిపోయి ఉంటుంది.

స్క్రిప్టు చివర నడిచేది 'ఆటో_అపెండ్_ఫైల్'. అయితే స్క్రిప్టు 'ఎగ్జిట్'తో ముగిస్తే అది నడవదు. అందుకే భద్రతా తనిఖీ ఎప్పుడూ మొదట్లోనే ఉండాలి.

ఈ సౌకర్యంలో ముప్పూ ఉంది. ఉమ్మడి ఫైల్‌లో ఒక్క వ్యాకరణ దోషం దొర్లినా అన్ని పేజీలూ ఒకేసారి ఆగిపోతాయి. చొరబాటుదారు దాన్ని మార్చగలిగితే అతని కోడ్ ప్రతి పేజీలోనూ నడుస్తుంది. పైగా ఈ కాపలా పీహెచ్‌పీ స్క్రిప్టులకే. సర్వర్ నేరుగా పంపే ఫొటోలకు, పీడీఎఫ్‌లకు వర్తించదు. వాటికి వేరే రక్షణ ఏర్పాటు చేయాలి.