పిల్లల కంప్యూటరుకు ఎండదెబ్బ



మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఎండల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మే నెల వచ్చిందంటే రామగుండంలో, ఆదిలాబాదులో 45 డిగ్రీల దాకా పోతుంది. ఈ ఎండ మనుషులకే కాదు, పిల్లలు విడిభాగాలు కొనితెచ్చి ఇంట్లో బిగించుకున్న కంప్యూటరుకూ తగులుతుంది. సంక్రాంతి నాడు చక్కగా నడిచిన పెట్టె, ఎండాకాలంలో పిల్లవాడు పరీక్ష రాస్తుండగానే టప్పున ఆగిపోతుంది. "ప్రాసెసరు పోయిందమ్మా, కొత్తది వేయాలి" అని ఎవరో ఒకరు అనేస్తారు. వేల రూపాయల మాట! కాని చాలాసార్లు అది పోయి ఉండదు. డబ్బు తీసే ముందు మనం చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ప్రాసెసరంటే కంప్యూటరు మెదడన్నమాట. అగ్గిపెట్టెంత ఉంటుంది గాని, బాగా పని చేసేటప్పుడు 65 వాట్లో, 100 వాట్లో కరెంటు తింటుంది. పాతకాలపు 60 వాట్ల బల్బును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది కదా, ఆ వేడంతా ఇంత చిన్న బిళ్ళలో పుడుతుందనుకోండి. ఆ వేడిని లాగడానికి దానిమీద ఒక లోహపు దిమ్మె, దిమ్మెకు ఒక ఫ్యాను బిగిస్తారు. దానినే కూలర్ అంటారు. 1983లో మొదటి యూనిట్ నడిచిన రామగుండం విద్యుత్ కేంద్రాన్ని మీరు చూసే ఉంటారు. అక్కడా ఇదే సూత్రం. పుట్టిన వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే ఏ యంత్రమూ నడవదు.

వేడి 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే ప్రాసెసరు తనంతట తాను నెమ్మదిస్తుంది. ఇంకా పెరిగితే ఆగిపోతుంది. అది తన ప్రాణం కాపాడుకోవడమే సుమా, చావడం కాదు.

ముందు వేడి ఎంతుందో చూడండి. కంప్యూటరు వేయగానే డిలీట్ మీటగాని, ఎఫ్2 మీటగాని నొక్కుతూ ఉంటే బయోస్ అనే తెర వస్తుంది. అందులో ప్రాసెసరు వేడి, ఫ్యాను తిరిగే వేగం రెండూ కనిపిస్తాయి. పెద్ద పని లేనప్పుడు 40 నుంచి 60 వరకు ఉంటే మన ఎండలకు మామూలే. గది 12 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసరు కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. గదిలో 40 ఉంటే ఏ ఫ్యానూ దానిని 30కి దింపలేదు.

ఇక జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి. పని మొదలుపెట్టిన క్షణాలలోనే వేడి వందకు ఎగబాకిందా? అయితే కూలర్ సరిగా ఆనలేదు, లేదా దాని ఫ్యాను తిరగడం లేదు. అరగంటకో గంటకో మెల్లమెల్లగా పెరిగిందా? అప్పుడు గాలి ఆడటం లేదని అర్థం. పెట్టె పక్క రేకు విప్పి నడిపి చూడండి. వేడి బాగా తగ్గితే తప్పు గాలిదే. తగ్గకపోతే కూలర్‌దే.

గాలిని ఆపేది దుమ్ము. గోదావరిఖనిలో బొగ్గు నుసి, ఆదిలాబాదు జిన్నింగు మిల్లుల పక్కన దూది నూగు, కరీంనగరులో గ్రానైటు పొడి, ఏ ఊరి దుమ్ము ఆ ఊరిది. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడబీకి, ఒట్టి పెట్టె లోహాన్ని ఒకసారి ముట్టుకుని, మెత్తని పొడి కుంచెతో దులపండి. ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. తడిగుడ్డ వద్దు. పెట్టెను నేలమీద కాక పీటమీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. ముందు ఫ్యాను గాలి లోపలికి తేవాలి, వెనక ఫ్యాను బయటికి పంపాలి. చల్లగా ఉంటుందని వాటర్ కూలర్ ఎదురుగా మాత్రం పెట్టకండి, ఆ తేమ లోపలి రేకులకు పడదు.

దుమ్ము లేదనుకోండి. ఫ్యాను తీగ బోర్డుమీద సీపీయూ ఫ్యాను అని రాసి ఉన్నచోటే గుచ్చారా చూడండి. కూలర్ నాలుగు కాళ్ళూ బిగిశాయా? కొన్నిటికి మేకులు టిక్కుమని దిగాలి. ఒక్కటి లేచినా దిమ్మె ఓరగా నిలుస్తుంది. ఇంట్లో కొత్తగా బిగించినవాళ్ళు దిమ్మె అడుగున అంటించిన ప్లాస్టిక్ కాగితం తీయడం మరచిపోవడమూ ఉంది.

దిమ్మెకు, ప్రాసెసరుకు మధ్య లేపనం పూస్తారు. థర్మల్ పేస్టంటారు. పెనానికి నూనె రాయకపోతే రొట్టె ఒకచోట కాలి ఒకచోట పచ్చిగా ఉంటుంది కదా! ఈ లేపనం కూడా సందుల్లో గాలి లేకుండా నింపుతుంది. కొన్నేళ్ళకు ఎండి పెళుసవుతుంది. అప్పుడు కంప్యూటరును కొద్దిసేపు నడిపి, ప్లగ్గు తీసి, దిమ్మెను అటూ ఇటూ మెల్లగా తిప్పి లేపాలి. గట్టిగా లాగితే ప్రాసెసరు కూడా ఊడి వస్తుంది. పాత పూతను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, మూలకు ఎదురు మూల చొప్పున బిగించాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ లాభమేమీ లేదు.

ఇదంతా చేశాక కూడా వేడి దిగకపోతే అప్పుడు దుకాణానికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "చెడిపోయింది" అని ఊరుకోక, "గదిలో ఇంత, పనిలేనప్పుడు ఇంత, పనిలో ఇన్ని నిమిషాలకు ఇంత" అని కాగితం మీద రాసి చూపండి. లెక్క తెలిసిన ఇల్లాలికి అక్కరలేని సామాను అంటగట్టడం తేలిక కాదు. పిల్లవాడి పరీక్ష ఆగదు, మీ డబ్బూ వృథా కాదు.