675 అంటే 75 శాతం కాదు

కాంప్‌టియా ‘ఎ ప్లస్’ కోర్ 1 కంప్యూటర్ పరీక్షలో గరిష్ఠంగా 90 ప్రశ్నలుంటాయి. సమయం 90 నిమిషాలు. స్కోరు 100 నుంచి 900 వరకు ఉంటుంది. ఉత్తీర్ణతకు 675 రావాలి. అంటే 75 శాతం జవాబులు సరైనవి కావాలని అర్థం కాదు.

ఇలాంటి పరీక్షల్లో పక్కపక్కన కూర్చున్నవారికీ వేర్వేరు ప్రశ్నలు రావచ్చు. కఠినమైనవి వచ్చినవారు నష్టపోకుండా మార్కులను ఒకే కొలమానంలోకి మారుస్తారు. ఇదే స్కేల్డ్ స్కోరు. తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్‌లో వేర్వేరు పూటల మార్కులను నార్మలైజ్ చేయడంలోని ఉద్దేశమూ ఇదే.

మరి ప్రశ్న ఎంత కఠినమో ఎలా తెలుస్తుంది? చాలా పరీక్షల్లో కొత్త ప్రశ్నలను మొదట మార్కులు లెక్కించకుండా కలుపుతారు. వాటికి ఎందరు సరిగా జవాబిచ్చారో చూసి అంచనా వేస్తారు. అవి ఏవో అభ్యర్థికి తెలియదు. కాబట్టి అంతుచిక్కని ఒక్క ప్రశ్న దగ్గరే సమయమంతా పోగొట్టుకోకూడదు.