కంప్యూటరును చప్పుడు లేకుండ చల్లార్చుట



మా మేనత్తగారికి తలుపుదగ్గరి పాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు నలువదికి పైగా కంఠస్థములై యుండెను. వానిని వ్రాసి పెట్టినవారు లేరు. ఆమెకు ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట, ఒక వేసవిలో, నా బల్లమీది కంప్యూటరుకు మైకు తగిలించి, ఆమెను ఎదుట కూర్చుండబెట్టి మూడు దినములు పాడించితిని. మరుసటి సంవత్సరమే ఆమె గతించెను. సంవత్సరీకమునాడు బంధువులకు ఆ పాటలు వినిపింపబోగా, పాటకంటె ముందు వినవచ్చినది రొద. తుమ్మెదలు మూగినట్లున్న ఆ రొదలో ఆమె మెల్లని కంఠము మునిగిపోయి యుండెను. రొదను వడగట్టు సాధనములు కలవు. వానిని ప్రయోగించితిని గాని, జల్లెడలో నూకలతో పాటు బియ్యమును జారిపోయినట్లు, పాటలోని హల్లులును కొన్ని పోయినవి.

ఆ రొద చేసినది కంప్యూటరులోని ఒక చిన్న పంకా. అది ఎందులకున్నదో, చప్పుడు చేయని చల్లదనమును ఎట్లు ఎంచుకొనవలెనో నేడు మనవి చేసెదను.

కంప్యూటరులో లెక్కలు చేయు భాగమును ప్రాసెసరు అందురు. 1971లో ఇంటెల్ సంస్థవారు వెలువరించిన 4004 అను ప్రాసెసరులో ట్రాన్సిస్టరులు సుమారు 2,300 మాత్రమే. దానికి పంకా అక్కర లేకుండెను. నేటివానిలో అవి వందల కోట్లు. ప్రాసెసరు త్రాగు విద్యుత్తంతయు తుదకు వేడిగనే మారును. సామాన్యమైన ప్రాసెసరుకు 65 వాట్లని చెప్పుదురు. బలమైనవానికి 125 వాట్లు; పని మీద పడినపుడు అంతకు మించియు త్రాగును. ఊరక కూర్చున్న మనుష్యుని దేహమునుండి వెలువడు వేడి సుమారు 100 వాట్లు. ఒక మనుష్యుని ఒంటివేడి యంతయు ఇంచుమించు బొటనవ్రేలి గోరంత చోట పుట్టినచో ఎట్లుండునో ఊహింపుడు.

రొద పోగొట్టుటకు నేను మొదట చేసిన పని తెలివితక్కువది. యంత్రమును చెక్క బీరువాలో పెట్టి తలుపు మూసితిని. రొద తగ్గెను, కాని అరగంటకు యంత్రము నత్తనడక పట్టి, మరికొంతసేపటికి ఆరిపోయెను. వేడి 95 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడువరకు చేరునప్పటికి ప్రాసెసరు తనంత తానే వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గకున్న యంత్రము ఆగిపోవును. కావున చప్పుడును కప్పిపెట్టుట కాదు, గాలికి అడ్డు లేకుండ చప్పుడును తగ్గించుట మన పని.

ఇందులకు మొదటి యుపాయము మన వంటయింటిలోనే యున్నది. పులిహోర కలుపువారు ఉడికిన అన్నమును వెడల్పైన పళ్ళెములో పరతురు. కుప్పగా నున్న అన్నము ఎంతకును చల్లారదు. పరచినచో గాలి తగులు చోటు పెరిగి త్వరగా చల్లారును. ప్రాసెసరు వేడిని ఇట్లు పరచునది హీట్‌సింకు. అడుగున లోహపు దిమ్మ, దానికి పలుచని రేకుల వరుసలు ఉండును. అల్యూమినియముకంటె రాగి ఒకటిన్నర రెట్లకు పైగా బాగుగా వేడిని చేరవేయును గాని, బరువును వెలయు హెచ్చు. అందుచేత మంచివానిలో అడుగు రాగితోను, రేకులు అల్యూమినియముతోను చేయుదురు.

ఆ రెంటిని కలుపుటకు రాగి గొట్టము లుండును. వానిలో గాలిని తీసివేసి, కొద్దిపాటి నీటిని మాత్రము ఉంచి మూసివేయుదురు. గాలి యొత్తిడి లేదు గనుక ఆ నీరు కొద్దివేడికే ఆవిరియై పైకి పోవును. రేకులకడ చల్లబడి, ఇడ్లీపాత్ర మూతక్రింద బొట్లు కట్టినట్లు మరల నీరై, గొట్టపు లోపలి పూత వెంబడి క్రిందికి వచ్చును. 1963లో అమెరికాలోని లాస్ ఆలమాస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరు అను శాస్త్రజ్ఞుడు ఇట్టి గొట్టములను నిర్మించెను.

రెండవ యుపాయము పంకా ఎంపిక. దోమ రెక్క చిన్నది; అతివేగముగ ఆడును గనుక చెవిలో రొద పెట్టును. తాటాకు విసనకర్ర పెద్దది. మెల్లగా ఊచినను గాలి వచ్చును, చప్పుడుండదు. పంకాలకును ఇదియే న్యాయము. 80 మిల్లీమీటరుల పంకాను అదే ఆకృతిలో 120 మిల్లీమీటరులకు పెంచినచో, అదే వేగమున మూడు రెట్లకు పైగా గాలి తోలును. అందుచేత దానిని మెల్లగా త్రిప్పినను సరిపోవును. ఏ పంకానైనను సగము వేగమునకు తగ్గించినచో గాలి సగమగును గాని, చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గును. 10 డెసిబెల్‌లు తగ్గిననే మన చెవికి చప్పుడు సగమైనట్లు తోచును. కావున పెద్ద రేకుల దిమ్మ, పెద్ద పంకా, మెల్లని తిరుగుడు: నేను చెప్పదలచిన సారమంతయు ఈ మూడు మాటలే.

పంకాయే లేనివియు, నీటితో చల్లార్చునవియు కలవు గదా యని మీరడుగవచ్చును. పంకా లేని ఏర్పాటు 35 వాట్ల వంటి చిన్న ప్రాసెసరులకు తగును. పెద్దవానికి మిక్కిలి పెద్ద దిమ్మ కావలెను. నీటి ఏర్పాటులో వేడిని నీరు మోసికొనిపోయినను, ఆ నీటిని చల్లార్చుటకు మరల పంకాలే కావలెను; పైగా నీటిని త్రిప్పు పంపు చప్పుడొకటి. 65 వాట్ల ప్రాసెసరుకు అంత హంగు అనవసరము.

కొనబోవువారు నాలుగు సంగతులు విచారింపవలెను. మొదటిది, ప్రాసెసరు ఎన్ని వాట్లది? రెండవది, హీట్‌సింకు బిగింపు ఆ ప్రాసెసరు గూటికి సరిపోవునా? మూడవది, పెట్టెలో ఎత్తు చాలునా? నిలువు హీట్‌సింకులు 160 మిల్లీమీటరుల దాక ఉండును. కొలువక కొన్నచో పెట్టె తలుపు పడదు. నాల్గవది, పంకాకు నాలుగు తీగెలున్నవా? ఉన్నచో యంత్రమే వేడిని చూచి వేగమును హెచ్చించి తగ్గించును. బిగించునపుడు ప్రాసెసరుపై బఠాణీగింజంత థర్మల్ పేస్టు వేయవలెను. కంటికి కనబడని సందులలో గాలి నిలిచి వేడికి అడ్డు తగులకుండ అది కాపాడును.

మన వేసవిని మాత్రము మరువరాదు. ఏ పంకాయు ప్రాసెసరును గదికంటె చల్లగా చేయజాలదు. గది వేడికంటె 40 డిగ్రీలు హెచ్చుగా నుండు ప్రాసెసరు, 25 డిగ్రీల మాఘమాసపు గదిలో 65 డిగ్రీలుండును. రెంటచింతల ఎండలో 42 డిగ్రీల గదిలో 82 డిగ్రీలుండును. కావున కొంత మిగులు చూచుకొని పెద్దదానినే కొనుడు. రేకుల నడుమ దుమ్ము పేరుకొన్నచో గాలి ఆడక పంకా మరల పరుగెత్తును. మూడునాలుగు నెలలకొకసారి యంత్రమును ఆపి, మెత్తని కుంచెతో దులుపుడు.

నేనిప్పుడు 120 మిల్లీమీటరుల పంకా గల నిలువు హీట్‌సింకు పెట్టించితిని. మొన్న మా పిన్నిగారిచేత పాడించితిని. ఆమె రెండు చరణముల నడుమ ఊపిరి పీల్చుకొనుటకూడ వినబడుచున్నది. కాని ఆమెకు వచ్చిన పాటలు పదునొకండే. తక్కినవి మేనత్తగారితోనే పోయినవి.

మీ యింట పాటలు తెలిసిన ముసలమ్మ యున్నచో, మైకు తగిలించుటకు ముందు ఆ గదిలో ఒక్క నిమిషము మాటలాడక కూర్చుండి వినుడు. యంత్రము రొద వినబడినచో మొదట దానిని చక్కబెట్టుడు.